సిరోంచ తాలూకా జెడ్పీ బడులు: తెలుగు ఇళ్లవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా. ప్రాణహిత గోదావరిలో కలిసే చోటికి ఇవతలి గట్టు మాది, అవతల కాళేశ్వరం. మా ఇళ్లలో తెలుగు, బడిలో మరాఠీ. మా ఊరి జెడ్పీ బడి శాళా వ్యవస్థాపన సమితిలో, అంటే బడి నిర్వహణ కమిటీలో, నేను సభ్యురాలిని. నా కూతురు అదే బడిలో నాలుగో తరగతి. జూన్ వచ్చిందంటే బోరింగు దగ్గరా, సంతలోనూ, పెళ్లిళ్లలోనూ నన్ను ఇవే ప్రశ్నలు అడుగుతారు. నాకు తెలిసినంతవరకు జవాబులు రాసి పెడుతున్నాను.

పట్‌సంఖ్య అంటే ఏమిటి? సార్లు దాని గురించి అంత టెన్షన్ ఎందుకు పడతారు?

బడి రిజిస్టరులో ఎంతమంది పిల్లల పేర్లున్నాయో అదే పట్‌సంఖ్య. సెప్టెంబర్ 30 నాటికి ఉన్న లెక్కను పట్టుకునే ఆ బడికి ఎంతమంది టీచర్లు కావాలో తేలుస్తారు. మనవాళ్లు సంచ్ మాన్యత అనేది దాన్నే.

విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతుల బడిలో 60 మంది వరకు ఇద్దరు టీచర్లు. 61 నుంచి 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు. అంటే 60 దగ్గర ఆగిన బడికి ఇంకొక్క పిల్ల చేరితే మూడో టీచర్‌ను అడిగే హక్కు వస్తుంది. 62 ఉన్న బడి నుంచి ఇద్దరు వెళ్లిపోతే ఆ హక్కు పోతుంది. మీరు మీ ఒక్క పిల్లాణ్ణే తీసుకెళ్తున్నామనుకుంటారు. మిగిలిన 60 మంది పిల్లలకు అది ఒక టీచర్ లెక్క.

ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు అంటే ఎలా ఉంటుందో ఒక్క రోజు వచ్చి చూడండి. ఒక సార్‌కు కేంద్రంలో, అంటే చుట్టుపక్కల బడుల సమూహంలో, మీటింగ్ పడితే మిగిలిన ఒక్కరే ఐదు తరగతులనూ రెండు గదుల్లో కూర్చోబెట్టి, ఒక గదికి రాత పని ఇచ్చి, ఇంకో గదిలో పాఠం చెబుతారు. ఒక్క టీచరే ఉన్న బడులు దేశం మొత్తం మీద లక్ష దాటి ఉన్నాయని కేంద్ర ప్రభుత్వం బడులన్నిటి మీదా వేసే యూడైస్ లెక్కే, 2024-25ది, చెబుతోంది. అందుకే సెప్టెంబర్‌లో సార్లు ఇంటింటికీ తిరుగుతారు. ఉద్యోగం కాపాడుకోవడానికి తిరుగుతున్నారని కొందరు అంటారు. మా ఊళ్లో తిరిగినప్పుడు నేనూ వెంట వెళ్లాను. బడిలో టీచర్ మిగలాలనే తిరిగాం.

రిజిస్టరులో 40 మంది అంటారు, బడికి వెళ్తే 22 మందే కనిపిస్తారు. దొంగ లెక్కలా?

అన్నిసార్లూ కాదు. మన దగ్గర దీనికి పెద్ద కారణం మిర్చి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ఇక్కడివాళ్లు మిర్చి ఏరడానికి తెలంగాణకు పోతారు. ఇంట్లో చూసుకునే ముసలివాళ్లు లేకపోతే పిల్లల్నీ తీసుకుపోతారు. పేరు ఇక్కడే ఉంటుంది, పిల్ల అక్కడ చేను గట్టున చిన్న తమ్ముణ్ణి ఆడిస్తూ ఉంటుంది. తిరిగొచ్చేసరికి పరీక్షలు దగ్గర పడతాయి. రెండు మూడేళ్లు ఇలాగే గడిస్తే ఐదో తరగతికి వచ్చినా ఆ పిల్లకు రెండో తరగతి పుస్తకం చదవడం రాదు.

దీనికి రెండు దారులున్నాయి. వలస వెళ్లేవాళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి హంగామీ వసతిగృహం పెట్టే పద్ధతి మహారాష్ట్రలో ఉంది. దానికి ముందుగానే, దీపావళి దాటకముందే, సమితి తరఫున పేర్ల జాబితాతో అడగాలి. జనవరిలో అడిగితే ఆలస్యమైపోతుంది. రెండోది, పిల్లను వెంట తీసుకువెళ్లక తప్పకపోతే మన బడి నుంచి శిక్షణ హమీ కార్డు అడిగి తీసుకోండి. పిల్ల ఏ తరగతి, ఎంతవరకు నేర్చుకుంది అన్నది అందులో ఉంటుంది. అది పట్టుకుని అక్కడి ఊరి సర్కారు బడిలో కూర్చోబెట్టమని అడగవచ్చు. అక్కడ తెలుగులో చెబుతారు కాబట్టి పిల్లకు మాట అర్థమవుతుంది. రాత కొత్తగా ఉన్నా, చేను గట్టున కూర్చోవడంకంటే చాలా నయం.

మన బడి ఎలా ఉందో నేనే చూసుకోవచ్చా? ఎవరినీ అడగకుండా?

చూసుకోవచ్చు. ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, మహారాష్ట్రకు 27. చాలా బడుల్లో గోడ మీదే రాసి ఉంటుంది. యూడైస్ ప్లస్ వాళ్ల ‘నో యువర్ స్కూల్’ పేజీలో ఆ కోడ్ కొడితే టీచర్లు ఎంతమంది, గదులెన్ని, మరుగుదొడ్లున్నాయా, తరగతివారీగా పిల్లలెంతమంది అన్నీ వస్తాయి. ఫోన్‌లోనే చూడవచ్చు.

అందులో నేను ముందు చూసేది మొత్తం సంఖ్య కాదు. ఒకటో తరగతిలో ఎంతమంది, ఐదులో ఎంతమంది అని చూస్తాను. పై తరగతుల్లో నిండుగా ఉండి ఒకటో తరగతిలో నలుగురే ఉంటే, ఆ బడి ఇంకో మూడేళ్లలో చిక్కిపోతుందని అర్థం. ఊళ్లో పిల్లలు తగ్గారా, లేక చిన్నపిల్లల్ని వేరే బడులకు పంపుతున్నారా? అంగన్‌వాడీ మేడమ్‌ను అడిగితే చెబుతుంది. ఆమె దగ్గర ఊళ్లోని చిన్నపిల్లలందరి పేర్లూ ఉంటాయి.

పిల్లలకు చదవడం వచ్చా రాదా అన్నది ఆ పేజీలో ఉండదు. దానికి కింద చెప్పిన పరీక్ష మీరే పెట్టుకోవాలి.

పదో తరగతిలో 100 శాతం ఫలితం అని బోర్డు పెట్టారు. అయితే ఆ బడి మంచిదేనా?

ఆ శాతం ఎంతమంది మీద వచ్చిందో అడగండి. ఎనిమిది మంది రాస్తే ఒక్కరు తప్పినా 87.5 అవుతుంది. 80 మంది రాస్తే ఒక్కరు తప్పినా 98.75 ఉంటుంది. చిన్న బడిని ఒక్క ఏడాది శాతంతో పొగడకూడదు, తిట్టకూడదు. మూడు నాలుగేళ్లు వరుసగా చూడాలి.

ఇంకో మాట తప్పకుండా అడగండి: అదే పిల్లలు తొమ్మిదిలో ఎంతమంది ఉండేవారు? తొమ్మిదిలో 30 మంది ఉండి పదో తరగతి పరీక్షకు 19 మందే వెళ్తే, ఆ 19 మందీ పాసైనా నాకు సంతోషం ఉండదు. మిగతా 11 మంది ఎక్కడికి పోయారు? పెళ్లయిందా, పనికి పోయారా, లేక ఫలితం పాడవుతుందని ఎవరైనా పక్కకు నెట్టారా? ఆడపిల్లల విషయంలో మరీ గట్టిగా అడగాలి.

మా పిల్లకు నిజంగా చదువు వస్తోందో లేదో ఇంట్లో ఎలా తెలుస్తుంది? నేనే పెద్దగా చదువుకోలేదు.

అసర్ సర్వే వాళ్లు దేశమంతా ఊళ్లకు వెళ్లి ఇళ్ల దగ్గరే పిల్లల్ని పరీక్షిస్తారు. వాళ్ల పద్ధతి చాలా సులువు. అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ చూపించి ఏది చదవగలిగితే అది రాసుకుంటారు. లెక్కల్లో రెండంకెల తీసివేత, తర్వాత భాగాహారం. 2024లో వాళ్లు చూసినప్పుడు దేశంలో సర్కారు బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతమే. 2022లో అది 16.3 ఉండేది. అంటే పెరిగింది, కానీ ఇంకా నలుగురిలో ఒక్కరి దగ్గరే ఉన్నాం.

మీ పిల్ల మూడో తరగతి అయితే, పక్కింటి రెండో తరగతి పిల్ల మరాఠీ పుస్తకం అడిగి తెచ్చి ఏదో ఒక పేజీ తెరవండి. సొంత పుస్తకం వద్దు, అది కంఠస్థం అయి ఉంటుంది. చదవమనండి. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటే ఇంకా అందలేదన్నట్టు. చదివాక, ఆ కథేమిటో తెలుగులో చెప్పమనండి. మీకు మరాఠీ చదవడం రాకపోయినా ఇది సరిపోతుంది, తెలుగులో కథ చెప్పగలిగితే పిల్లకు అర్థమైనట్టే. మా సమితిలోని తల్లుల్లో చాలామందికి రాయడం రాదు, అయినా అందరం మా పిల్లలకు ఈ పరీక్ష పెట్టాం.

ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మా వాడు మొద్దులా కూర్చుంటున్నాడని సార్ అంటున్నారు. ఏం చేయాలి?

ఈ ప్రశ్నే నన్ను ఎక్కువమంది అడుగుతారు. మొద్దు అనే మాట నేను ఒప్పుకోను. ఆరేళ్ల పిల్లాణ్ణి తెలియని భాషలో కూర్చోబెట్టి, తెలియని భాషలోనే ప్రశ్న అడిగి, జవాబు రాకపోతే మొద్దు అనడం అన్యాయం.

మా వీధిలో ఒక పిల్లవాడు రెండో తరగతి. కిరాణా కొట్టుకు వాళ్లమ్మ వాణ్ణే పంపుతుంది. 50 నోటు ఇచ్చి సామాను తెమ్మంటే చిల్లర లెక్కపెట్టి మరీ తెస్తాడు. ఒకరోజు నేను తరగతిలో వెనక కూర్చున్నాను. టీచర్ వాణ్ణి లేపి, ‘రాజూకడే పంచవీస్ గోట్యా హోత్యా, ఆఠ్ హరవల్యా, కితీ శిల్లక్ రాహిల్యా?’ అని అడిగారు. వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. నేను ఆగలేక, ‘25 గోలీలుంటే ఎనిమిది పోయినయ్‌రా, ఎన్ని మిగిలినయ్?’ అన్నాను. వేళ్లు కూడా ముడవకుండా ‘పదిహేడు’ అన్నాడు. వాడికి రానిది లెక్క కాదు, ‘శిల్లక్’ అన్న ఒక్క మాట. ఆ టీచర్ మంచి మనిషి, ఆ రోజు నుంచి లెక్క చెప్పేటప్పుడు ఒక తెలుగు మాట కలుపుతున్నారు.

మన పిల్లలు ఎక్కడ తడబడతారో నేను చూసినవి రెండు చెబుతాను. మొదటిది అంకెలు. తెలుగులో ఇరవై ఐదు అంటాం, పెద్దది ముందు, చిన్నది వెనక. మరాఠీలో పంచవీస్, ఐదు ముందు, ఇరవై వెనక. విన్న వరసలో రాసే పిల్ల 25 బదులు 52 రాస్తుంది. తప్పు దిద్ది కొట్టేస్తే కారణం తెలియదు. ‘చివర వినిపించేది ముందు రాయాలి’ అని చెబితే వారంలో సర్దుకుంటుంది. 2019లో బాలభారతి (మహారాష్ట్ర బడి పుస్తకాలు అచ్చువేసే సంస్థ) రెండో తరగతి లెక్కల పుస్తకంలో ‘వీస్ ఏక్’ అని చదివే పద్ధతి కూడా పెట్టినప్పుడు మహారాష్ట్రలో పెద్ద గొడవైంది. మన తెలుగు ఇరవై ఒకటి వరస అదే. మన పిల్లలకు అది మెట్టులా పనికొస్తుంది.

రెండోది లింగం. తెలుగులో పుస్తకానికీ పెన్నుకూ ‘నా’ అంటే చాలు. మరాఠీలో మాఝా పేన్, మాఝీ వహీ (నోటుబుక్కు), మాఝం పుస్తక్. మన పిల్లలు అన్నిటికీ మాఝా అంటారు. తరగతిలో నవ్వుతారు, పిల్ల ఇక నోరు తెరవదు. ఇంట్లో ఒక ఆట పెట్టండి: కనిపించిన వస్తువుకల్లా మాఝా, మాఝీ, మాఝం ఏది సరిపోతుందో చెప్పమనండి. పెద్దక్క గాని అన్న గాని ఉంటే వాళ్లు దిద్దుతారు.

కలిసొచ్చేవీ ఉన్నాయి. ‘ళ’ మనకు నోటి మీదే ఉంది. మన ‘చాలా’లోని చకారమే వాళ్ల ‘చాంగ్లా’లోనూ పలుకుతుంది. బయటి ప్రాంతాల పిల్లలు దానికి కష్టపడతారు, మనవాళ్లకు మొదటి రోజే వస్తుంది. ఆ మాట పిల్లకు చెప్పండి, ధైర్యం వస్తుంది.

ఇంట్లో తెలుగు మానేయకండి. బడి కోసమని తల్లి రాని మరాఠీలో మాట్లాడితే పిల్లకు రెండూ సగం సగమే వస్తాయి. రాత్రి కథలు తెలుగులోనే చెప్పండి.

తెలుగులో చదువు చెప్పమని అడిగే హక్కు మనకు ఉందా?

ఉంది. రాజ్యాంగంలో 350ఎ అధికరణం, 1956లో చేర్చింది, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు వీలు కల్పించే ప్రయత్నం ప్రతి రాష్ట్రమూ చేయాలని చెబుతుంది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా వీలైనంతవరకు మాతృభాషలోనే అంటుంది. అంతకుముందే, 1949లో విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క పెట్టింది: బడి మొత్తంలో 40 మంది, లేదా ఒక తరగతిలో పది మంది ఆ భాష పిల్లలుంటే ఆ భాషలో చెప్పే టీచర్‌ను ఇవ్వాలి. మన ఊళ్లలో ఆ పది మంది సులువుగా దొరుకుతారు. బాలభారతి తెలుగు పుస్తకాలు కూడా అచ్చువేస్తుంది.

నా మటుకు నేను మొత్తం బడిని తెలుగు మాధ్యమం చేయమనను. పై చదువు మరాఠీలోనో ఇంగ్లిష్‌లోనో ఉంటుంది, ఇక్కడి ఆఫీసు పనీ మరాఠీలోనే. ఒకటి, రెండు తరగతుల్లో తెలుగు వచ్చిన మనిషి ఒకరు కావాలి, అంతే. మన ఊళ్లలోనే డీఎడ్ చదివి ఖాళీగా ఉన్న ఆడపిల్లలున్నారు.

ఇంగ్లిష్ మీడియం ప్రైవేటుకు పంపితే మరాఠీ బాధ తప్పుతుంది కదా?

తప్పదు. 2020 చట్టం ప్రకారం మహారాష్ట్రలో ఏ బోర్డు, ఏ మాధ్యమం బడి అయినా మరాఠీ నేర్పాల్సిందే. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, పుస్తకంలో ఇంగ్లిష్ అయితే ఆరేళ్ల పిల్లకు భారం ఒకటి పెరుగుతుంది. అక్కడ చెప్పే టీచర్లకు ఏ డిగ్రీ ఉందో, ఎంత జీతమో కూడా అడిగి చూడండి. పంపవద్దని నేను అనను. ఎవరి పిల్లలు వాళ్ల ఇష్టం. కానీ టై, బూట్లు, వ్యాను చూసి పంపకండి. పంపే ముందు పైన చెప్పిన చదివే పరీక్ష ఆ బడిలోని మూడో తరగతి పిల్లకూ పెట్టి చూడండి.

డబ్బు ఇబ్బంది ఉంటే ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేద, వెనుకబడిన పిల్లలకు ఉచితం. సర్కారు బడి దగ్గర్లో ఉంటే ప్రైవేటు వాళ్లకు ఆ బాధ్యత అక్కర్లేదని 2024 ఫిబ్రవరిలో మహారాష్ట్ర నిబంధన మార్చింది, జూలైలో బాంబే హైకోర్టు దాన్ని కొట్టేసింది.

వంతెన దాటితే తెలంగాణే. అక్కడ హాస్టల్లో వేస్తే?

చదువు మన భాషలో సాగుతుంది, అది మంచిదే. మహారాష్ట్ర కులపత్రం మాత్రం అక్కడ రిజర్వేషన్‌కు పనిచేయదు. తర్వాత మెడిసిన్ మహారాష్ట్ర కోటాలో కావాలంటే పది, పన్నెండు తరగతులు ఇక్కడ చదివి ఉండాలని అడుగుతారు. తెలంగాణలో లోకల్ అనిపించుకోవాలన్నా అక్కడ వరుసగా ఇన్నేళ్లు చదివి ఉండాలి. సగం అక్కడ, సగం ఇక్కడ చదివిన పిల్లలు రెండు చోట్లా బయటివాళ్లవుతున్నారు. ఏ పక్కో ఎనిమిదో తరగతిలోపే తేల్చుకోండి.

చేర్చేటప్పుడు ఏ కాగితాలు కావాలి?

జనన పత్రం, ఆధార్, ఫొటోలు ఉంటే మంచిది. లేకపోయినా చేర్చుకోవాలి. వయసు రుజువు లేదని ఏ పిల్లనూ వెనక్కి పంపకూడదని చట్టంలోనే ఉంది. ఆధార్ లేదని బడిలో చేర్చుకోకుండా ఉండటం కుదరదని 2018 సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు చెప్పింది. ఒకటో తరగతికి డిసెంబర్ 31 నాటికి ఆరేళ్లు నిండాలి.

కాగితాలకంటే పేరు రాయించడం ముఖ్యం. మన ఇంటిపేరు ముందు, పేరు వెనక. ఇక్కడ పేరు మధ్యలో తండ్రి పేరు వస్తుంది. నా కూతుర్ని మొదట చేర్చిన బడిలో ఇంటిపేరును పేరుగా, పేరును తండ్రి పేరుగా రాసేశారు. ఆ రోజు నేను చూసుకోలేదు. ఆధార్‌తో కలవక నాలుగుసార్లు తాలూకా ఆఫీసుకు తిరిగాను, నాలుగు రోజుల కూలీ పోయింది. మీరు మాత్రం రిజిస్టరులో రాశాక అక్కడే నిలబడి చదివించుకోండి. కులం కూడా సరిగా పడిందో లేదో చూడండి. ఆ దాఖల్ ఖారిజ్ రిజిస్టరే (బడిలో చేరినవాళ్ల, వదిలినవాళ్ల పేర్లుండేది) రేపు కుల పరిశీలనకు సాక్ష్యం. తాతల కాలపు బడి దాఖలా (బడి వదిలినప్పుడు ఇచ్చే పత్రం) కోసం వెతుక్కునే ఇళ్లు మన తాలూకాలో ఎన్ని లేవు? ఓబీసీలకు 1967 అక్టోబర్ 13కు ముందటి ఆధారం అడుగుతారు, ఎస్టీలకు 1950 సెప్టెంబర్ 6కు ముందటిది. పాత బడి దాఖలా ఇంట్లో ఉంటే ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచండి.

మధ్యాహ్న భోజనం ఎంత పెట్టాలి?

ఐదో తరగతి వరకు పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, ఆరు నుంచి ఎనిమిది వరకు 150 గ్రాములు. పప్పు, కూరగాయలు వేరే. వంట రోజు వెళ్లి రుచి చూడవచ్చు, ఎవరూ కాదనరు.

20 మందికంటే తక్కువ ఉంటే బడి మూసేస్తారట, నిజమేనా?

చిన్న బడుల్ని కలిపి సమూహ శాళ చేయాలన్న ఆలోచన 2023లో బయటికి వచ్చింది. అప్పటి నుంచి ప్రతి ఏడాదీ ఈ భయం ఉంది. కాగితం మీద రెండు కిలోమీటర్లే అనిపిస్తుంది. మన దగ్గర ఆ రెండు కిలోమీటర్ల మధ్య వాగు ఉంటుంది, జూలై, ఆగస్టుల్లో అది పొంగుతుంది. ఒకటి నుంచి ఐదు తరగతుల బడి ఒక కిలోమీటరు లోపలే ఉండాలని నిబంధన. అలాంటి మాట వస్తే సమితి తీర్మానంలో వాగు సంగతి, ఏ నెలల్లో దారి మూసుకుపోతుందో, ఏడేళ్లలోపు పిల్లలు ఎంతమందో రాసి, కేంద్ర ప్రముఖ్ (మన బడుల సమూహం అధికారి) చేతికీ గటశిక్షణాధికారి (తాలూకా విద్యాధికారి) చేతికీ ఇవ్వండి. ఇచ్చినట్టు సంతకం తీసుకోండి.

సమితిలో ఉంటే ఏం ఒరుగుతుంది?

సమితిలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం ఆడవాళ్లు ఉండాలి. మేం మొదటి ఏడాది సంతకాలే పెట్టాం. రెండో ఏడాది ఒక్క పని ఎంచుకున్నాం, ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్లు. ప్రతి నెల మీటింగులో అదే రాయించాం. ఎనిమిదో నెలలో ట్యాంకు వచ్చింది. నీళ్లు వచ్చాక ఆరు, ఏడు తరగతుల ఆడపిల్లలు మధ్యాహ్నం ఇంటికి వెళ్లిపోవడం తగ్గింది. పది పనులు ఒకేసారి అడిగితే ఒక్కటీ కాదు.

బాగా చదివే పిల్లకు ఇంకా ఏమేం ఉన్నాయి?

ఐదో తరగతిలో నవోదయ పరీక్ష. మన జిల్లా నవోదయ ఘోట్‌లో ఉంది, సీట్లలో 75 శాతం పల్లె పిల్లలవే. ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష రాసి ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఏడాదికి 12,000 రూపాయలు. ఇంటి ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. ఫారం గడువు సార్‌ను మీరే అడుగుతూ ఉండండి.

జూన్ దాటిపోయింది, దాఖలా కూడా ఇంకా చేతికి రాలేదు. ఇప్పుడు తీసుకుంటారా?

తీసుకోవాలి. ఏడాది మధ్యలో వచ్చినా, పాత బడి దాఖలా ఆలస్యమైనా ఎనిమిదో తరగతి వరకు చేర్చుకోకుండా ఉండకూడదు. మధ్యలో బడి మానేసిన పిల్లనైతే వయసుకు తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టి వెనకబడినది విడిగా నేర్పాలి. పాత బడి వాళ్లు ఆన్‌లైన్‌లో పేరు వదిలితే ఇక్కడి వాళ్లు లాక్కుంటారు, దానికి మీరు తిరగనక్కర్లేదు. పిల్లను వెంటబెట్టుకుని రేపే వెళ్లండి. పదిన్నరకు ముందే వెళ్తే ముఖ్యాధ్యాపకులు ఇంకా తరగతిలోకి వెళ్లి ఉండరు, తీరిగ్గా మాట్లాడతారు.